అత్తమ్మకు పెట్టించిన లిఫ్టు

నవ్వకుండా వింటానంటే చెప్తాను. సరే, నవ్వినా ఫర్వాలేదు. తండా మొత్తం నవ్వింది. నవ్వనిది ఇద్దరే, మా ఆవిడ పుష్ప, మా అత్తమ్మ సక్రి.

మాకు పెళ్లయి నాలుగు నెలలు. పాల్వంచ కరెంటు ప్లాంటులో నా ఉద్యోగం, కంపెనీ కాలనీలో కాపురం. రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసుకుని గుమ్మంలో కూర్చుంటే, ఇంతకంటే ఏం కావాలి అనిపించే రోజులు. ఆదివారమైతే అత్తమ్మ వాళ్ల తండాకు పోయి, మామయ్య జీపులో పుష్పకు డ్రైవింగ్ నేర్పడం నా పని. క్లచ్ వదిలితే జీపు కప్పలా గెంతేది. గేరు మార్చాలంటే ఆమె చెయ్యి నేను పట్టుకుని మార్చాలి. నాలుగు నెలల్లో రెండో గేరు దాటలేదు. నాకూ తొందరేం లేదు.

ఆ జీపు మామయ్య బాబూరావుది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ముప్పై ఏళ్లు అడవి ఊళ్ల జనాన్ని భద్రాచలం చేరవేసింది. మా పెళ్లి ఖాయం చేసిన నెలకే, పోయిన వానాకాలంలో, ఆయన గుండె ఆగిపోయింది. వాగవతల సొంత చేనులోనే సమాధి కట్టారు.

జీపుకు ఎడమవైపు ఒక ఇనుప మెట్టు ఉండేది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు మామయ్యే వెల్డింగ్ చేసి, కాలు జారకుండా పైన పాత టైరు ముక్క బిగించాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అది నేలకు గీసుకుని కర్రుమనేది. నాకు ఆ చప్పుడు నచ్చేది కాదు. ఇంజనీరింగ్ చదివినవాడికి నచ్చని చప్పుళ్లు చాలా ఉంటాయి.

పోయిన నెల ముగ్గురం సమాధి దగ్గరకు బయల్దేరితే జీపు వాగు మధ్యలో ఆగిపోయింది. ఇంజన్లోకి నీళ్లు పోయాయి. పక్కింటి రెడ్యా ట్రాక్టరు తెచ్చి గుంజాడు. చేను దాకా పోకుండానే తిరిగొచ్చాం. దారంతా అత్తమ్మ ఒడిలో నెయ్యి గిన్నె పట్టుకుని కూర్చుంది. ఏడాది నిండే రోజున సమాధి ముందు నిప్పుల మీద నెయ్యీ బెల్లం తన చేత్తోనే వేయాలి. ఆమె కోరిక అదొక్కటే.

ఆ గిన్నె చూసే నాకు బుర్ర వెలిగింది.

"జీపుకు పెద్ద టైర్లు వేసి, నాలుగంగుళాలు ఎత్తు లేపుదాం పుష్పా! వాగు కాదు, గోదావరైనా దాటొచ్చు."

"గోదావరికి బ్రిడ్జి ఉంది గద."

"మాటవరసకు అన్న."

"మాటవరసకే ఉంచు. నాయిన బండి జోలికి పోకు."

సరే అన్నాను. మొగుడు సరే అన్నాడంటే ఒప్పుకున్నాడని కాదు, చెవిన పడిందని.

ఏడాది నిండే వారం పుష్ప ముందే పుట్టింటికి పోయింది. సర్వీసింగ్ అని చెప్పి జీపును నేను ఖమ్మం తీసుకుపోయాను. అక్కడి మెకానిక్ పేరు జాకీ జయప్రకాశ్. ఏం అడిగినా ముందు బండిని పైకి లేపి, ఆ తర్వాత జవాబు చెప్తాడు కాబట్టి జాకీ. బండి ఎత్తు పెంచడాన్ని మెకానిక్కులు లిఫ్ట్ అంటారు. దానికోసం బండి బరువు మోసే కమాన్ పట్టీల కింద దిమ్మలు పెట్టాడు, ఏనుగు పాదాల్లాంటి టైర్లు బిగించాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూస్తే టైరు మెట్టుకు తగిలింది.

"మెట్టు కోసేద్దామా సార్?"

"కోసెయ్," అన్నాను. రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు.

అప్పుడే పుష్ప ఫోన్ నుంచి అత్తమ్మ మాట్లాడింది.

"అల్లుడా, బండికి ఏం చేపిస్తున్నవ్?"

"లిఫ్ట్ పెట్టిస్తున్న అత్తమ్మా! పుష్పకు చెప్పకుండ్రి."

అవతల అత్తమ్మ ఏదో పొడుగ్గా అడిగింది. జాకీ గ్రైండర్ మోతలో నాకు వినబడింది 'ఖమ్మం' ఒక్కటే.

"అవ్ అత్తమ్మా, ఖమ్మంలనే!"

గ్రైండర్ ఆగాక, "సల్లగుండు బిడ్డా," అంది. నేను పొంగిపోయాను. టైర్లకే ఇంత దీవెన ఇచ్చే అత్తమ్మ ఎవరికుంటుంది?

మర్నాడు మధ్యాహ్నం తండాలో దిగేసరికి జీపు చుట్టూ జనం మూగారు. చిన్నక్క అనే ఆమె చంకలో మనవణ్ని వేసుకుని మరీ వచ్చింది. అత్తమ్మ కొంగు సర్దుకుంటూ ఎడమవైపుకు నడిచి, బండిని పైనుంచి కిందికి చూసింది.

"బటన్ యాడుంది బిడ్డా?"

"ఏం బటన్ అత్తమ్మా?"

"లిఫ్టు బటన్. ఖమ్మం దవాఖానాల నిలబడితే పైకి తీస్కపోతది, గదేనా అంటే అవ్ అన్నవ్ గద. నా మోకాళ్లు యాది పెట్టుకున్నవని పుష్పకు తప్ప తండా అంత చెప్పిన."

తండా పగలబడి నవ్వింది. రెడ్యా అయితే ట్రాక్టరుకు ఆనుకుని నవ్వాడు. ఫోన్లో నేను దేనికి అవ్ అన్నానో అప్పుడు తెలిసింది.

"పోనియ్ తియ్," అంటూ అత్తమ్మ అలవాటుగా కాలెత్తింది. మెట్టు ఉండే చోట పెట్టబోయింది. ఆ కాలు గాలిలో కాసేపు వెతికి, మళ్లీ నేల మీదకు వచ్చింది.

నవ్వు ఆగిపోయింది.

"మెట్టేది?" అంది పుష్ప.

"టైరుకు తగుల్తుందని..."

"మెట్టేదని అడిగిన."

"తీయించిన."

జాకీకి ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టడం నా రెండో తెలివితక్కువ పని. "పాత ఇనుము బండోడు నిన్ననే తీస్కపోయిండు సార్," అన్నాడు ఉషారుగా.

పుష్ప తిట్టలేదు. నాలుగు నెలల్లో ఆమె తిట్టని మొదటి తప్పు ఇదే. తిడితే కడుపునిండా అన్నం తినేవాణ్ని, ఆ పూట అన్నం దిగలేదు.

సాయంత్రం దాకా నా ప్రయోగాలు సాగాయి. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే బురదలో కాళ్లు దిగబడ్డాయి. మంచం వేస్తే పట్టీ విరిగింది. నలుగురం కలిసి ఎత్తుదామని రెడ్యా అంటే అత్తమ్మకు కోపం వచ్చింది.

"నేనేమన్న మిర్చి బస్తానా?"

తెల్లవారింది. ఏడాది నిండిన రోజు. అత్తమ్మ స్నానం చేసి, నెయ్యి గిన్నెతో అరుగు మీద కూర్చుంది. పుష్ప నా ముందు చెయ్యి చాపింది.

"తాళం చెవి ఇటియ్యి."

"నీకు రెండో గేరు కూడా..."

అప్పటికే స్టార్ట్ చేసింది. పత్తి బస్తాలు ఎక్కించే గట్టు పక్కన పల్లం ఉంది. జీపును ఒక్క ఊపులో రివర్సులో అందులోకి దించింది. గట్టూ జీపు అడుగూ సమానమయ్యాయి. అత్తమ్మ గట్టు మీద నుంచి ఇంట్లోకి నడిచినట్టు నడిచి సీట్లో కూర్చుంది.

నేను నోరు తెరుచుకుని వెనక ఎక్కాను.

"నీకు డ్రైవింగ్ వచ్చా?"

"తొమ్మిదో తరగతి నుంచి. నాయిన నేర్పిండు."

"మరి నాలుగు నెలలు నేను నేర్పిందేంది?"

"నువ్వు నేర్పుతుంటే మంచిగ అనిపించింది," అంది అద్దంలోకి చూడకుండా. ఆ మాటకు ఇంకో రోజైతే గాల్లో తేలేవాణ్ని.

వాగు వచ్చింది. రెండు రోజుల నుంచి వానల్లేవు. నీళ్లు మడమల దాకా ఉన్నాయి. ఒక ఆటో ఎదురొచ్చి, చక్రాలు కూడా సరిగ్గా తడవకుండా మమ్మల్ని దాటిపోయింది.

చేనులో గట్టు లేదు. సమాధి ఇరవై అడుగుల దూరంలో ఉంది. అత్తమ్మ కిందికి చూసింది, గిన్నె వైపు చూసింది.

"నేను ఈడికెల్లే దండం పెట్టుకుంట. నువ్వు వేయి బిడ్డా," అని గిన్నెను పుష్పకు ఇవ్వబోయింది.

పుష్ప గిన్నె అందుకోలేదు. స్టీరింగ్ మీద తల వాల్చింది. భుజాలు కదులుతున్నాయి.

నేను దిగాను. ఎడమవైపు, మెట్టు ఉండే చోట, బురదలో రెండు చేతులూ మోకాళ్లూ ఆనించి వంగాను.

"దిగుండ్రి అత్తమ్మా."

"ఛీ, లే! అల్లుని మీద కాలు పెడ్తరా ఎవరన్న?"

జీపులోంచి పుష్ప గొంతు వచ్చింది, ముక్కు ఎగబీలుస్తూ. "మెట్టు తీసినోడే మెట్టు. దిగు యాడీ." యాడి అంటే మా భాషలో అమ్మ.

ముందు ఒక చెయ్యి నా వీపును తాకింది. ఆ చేతిని కళ్లకద్దుకుని ఉంటుంది, గాజులు గలగలమన్నాయి. తర్వాత కాలు పడింది. చెప్పులు విడిచిన కాలు. ఎంత తేలికగా ఉందో! దీనికోసం మామయ్య అంత మందం ఇనుము వాడాడా అనిపించింది.

నిప్పుల మీద నెయ్యి పడి మంట లేచింది. అత్తమ్మ తన చేత్తోనే బెల్లం వేసింది. పెదాలు కదిలాయి. ఏం చెప్పిందో ఆయనకే తెలియాలి.

తిరిగి ఎక్కేటప్పుడు నేను మళ్లీ వంగాను. అత్తమ్మ ఒక కాలు నా వీపు మీద పెట్టి ఆగింది.

"లిఫ్టు మంచిగుంది బిడ్డా. బటన్ ఒక్కటే లేదు."

అని నవ్వింది. ఏడాదిగా ఆమె నవ్వడం నేను చూడలేదు. పుష్ప కూడా నవ్వింది. ఆ ఇద్దరి నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో బురదలో తల వంచుకున్న నాకు కనబడలేదు. వీపు మీది కాలు వణకడం మాత్రం తెలిసింది.

అది ఆగేదాకా నేను కదల్లేదు.