చిన్న టేబుల్ మొక్కు

శనివారం ఉదయం నరసింహులు వేసుకున్న పథకం చాలా చిన్నది. గుండు కొట్టించుకోవాలి, పదికల్లా యజమానురాలిని, అంటే మామాను, మార్కెట్‌కు తీసుకుపోవాలి, ఆన్‌లైన్ పోకర్‌లో పెద్ద పందేల టేబుల్ వైపు ఇక జన్మలో చూడకూడదు.

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒక ఇంటికి డ్రైవర్ అతను. మామా బట్టల కొట్లో దూరిందంటే గంటల తరబడి కారులోనే కూర్చోవాలి. ఆ తీరికలో ఫోన్ పేకాట అంటుకుంది. చిన్న టేబుల్లో నాలుగాటలు గెలిచి, ఇంత తెలివి చిల్లర పందేలకు వృథా కావడమేమిటని పెద్ద టేబుల్ ఎక్కాడు. అక్కడివాళ్లు అతన్ని నున్నగా ఊడ్చేశారు. రెండు నెలలుగా ఇంటికి తక్కువ పంపుతూ, కఫీల్, అంటే ఇంటి యజమాని, జీతం ఆలస్యం చేస్తున్నాడని నాయనతో అబద్ధమాడాడు. ఆ నాయన బాలసుబ్బయ్య, రాయచోటి పక్క పల్లెలో, "కువైట్ పోయి చెడిపోనోడు మావాడొక్కడే" అని టీ కొట్టు దగ్గర కనిపించినవాడికల్లా చెప్పుకునే మనిషి. పేకాట సంగతి ఆయన చెవిన పడకూడదు. నరసింహులుకు ఉన్న భయమల్లా అదే.

చిన్న టేబుల్‌కు దిగడం నామోషీగానే ఉంది. ఓడలు బండ్లవుతాయిలే అని సర్దిచెప్పుకున్నాడు. అయితే తన మాట మీద తనకే నమ్మకం లేదు. అందుకని, నన్ను మళ్లీ ఆ పెద్ద టేబుల్ ఎక్కనివ్వకు స్వామీ అని వెంకన్నకు తలనీలాలు మొక్కుకున్నాడు. సెలవు వచ్చే ఏడాది గానీ లేదు. అందాకా బయానాగా ఇక్కడే ఓ గుండు సమర్పించుకుంటే స్వామి కాదంటాడా అనుకుని సందు చివరి సెలూన్‌లో కూర్చున్నాడు.

గుండు బాగానే కుదిరింది. తర్వాత సెలూన్‌లోని పెషావర్ ఆయన మీసం సవరిస్తానన్నాడు. ఎడమ కొస కాస్త పొట్టిదైంది. దానికి సమానంగా కుడి కొస, కుడికి సమానంగా మళ్లీ ఎడమ కొస కోస్తూ పోగా చివరికి ముక్కు కింద ఏమీ మిగల్లేదు.

వట్టి గుండయితే తిరుపతి. తిరుపతి లేని దేశంలో, గుండుతో పాటు మీసం కూడా పోతే తండ్రి పోయినట్టే లెక్క. తొందరలో ఉన్న నరసింహులుకు ఈ సంగతి తట్టలేదు. ఇంట్లో వంట చేసే చిన్నక్కకు మాత్రం అతన్ని గుమ్మంలో చూడగానే తట్టింది. ఆమెది అతని పక్క ఊరే. చేతిలో గరిటె కింద పడింది.

"అయ్యో అబ్బీ! మీ నాయన ఎప్పుడు పాయ? నాతో ఒక మాటన్నా చెప్పకపోతివే!"

"నాయనకేం కాలేదక్కా. బాగుండాడు."

"మరి ఈ గుండేంది? మీసమేమాయ?"

పేకాట మొక్కని చెప్పాలి. చిన్నక్కకు చెప్పడమంటే రాయచోటిలో మైకు పెట్టి చెప్పడమే. వేరే కారణం కోసం వెతుక్కుంటూ తల దించుకున్నాడు. ఆ మౌనమే కొంప ముంచింది.

"అర్థమాయలే అబ్బీ. మా నాయన పోయినప్పుడు నేనూ నమ్మలే," అని చున్నీ నోట్లో కుక్కుకుని ఆమె లోపలికి పరుగెత్తింది.

క్షణంలో మామా వచ్చింది. "నర్సిం, బాబా మౌత్?"

"లా, లేదు మామా! బాబా బాగున్నాడు!"

"మిస్కీన్," అని జాలిపడింది మామా కళ్లు తుడుచుకుంటూ. కొడుకు ఇంకా ఒప్పుకోలేకపోతున్నాడని చిన్నక్క ముందే చెప్పి ఉంచింది. ఇక నిజం చెప్పేద్దామని నరసింహులు నోరు తెరిచేలోగా మామా తన ఫోన్ చూపించింది. "టికెట్ తీసేశా, ఖలాస్. సాయంత్రం ఫ్లైట్. యల్లా, సామాను సర్దుకో."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అబద్ధం మీద ఇప్పుడు మామా సొమ్ము కూడా ఎక్కి కూర్చుంది. ఈలోగా చిన్నక్క ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి ఏడ్చింది. చెల్లెలు వీధి వీధంతా చెప్పింది.

కాసేపటికి వంటింట్లో చార్జింగ్ పెట్టిన నరసింహులు ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎత్తిన చిన్నక్క కెవ్వుమని అరిచి ఫ్రిజ్ వెనక్కి దూరింది. నరసింహులు పరుగున వచ్చి చూస్తే తెరమీద బాలసుబ్బయ్య. మెడలో బంతిపూల దండ, వెనక బోలెడు జనం. తెచ్చిన దండ వృథా ఎందుకని ఎవరో ఆయన మెడలోనే వేసినట్టున్నారు.

"ఏం రా నర్సిమ్మా, నేనెప్పుడు సచ్చిపోతి? నాకు చెప్పనే లేదే!"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పటికే అబద్ధాల బరువుతో అలసిపోయి ఉన్నాడేమో, అది అక్కడే ఆగిపోయింది.

"పేకాట నాయనా. ఫోన్లో ఆడి పోగొట్టినా. జీతం ఆలస్యమనింది అబద్ధం. ఇంక పెద్ద టేబుల్ ఎక్కనని గుండు కొట్టించినా, ఇప్పుడు చిన్న టేబులే. మీసం మాత్రం ఆ సెలూనాయన చేసిన పని."

ఇవతల చిన్నక్క ఫ్రిజ్ వెనక నుంచే మామాకు అంతా విడమరిచి చెప్పింది. మామా ముఖం ఎర్రబడింది. తర్వాత "అల్‌హందులిల్లా" అంది. "టికెట్ డబ్బు వాపసు రాదు. పో, బతికున్న బాబాను చూసి రా. మీసం పెంచుకుని రా!"

బాలసుబ్బయ్య ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. "ఆ చిన్న టేబుల్లో పోదా దుడ్డు?"

"పోతాది నాయనా. కొంచెం కొంచెం."

"దానికన్నా కిందిది లేదా?"

"ఉండాది. ఊరికే ఆడేది. గెలిచినా ఏం రాదు, ఓడినా ఏం పోదు."

"దాంట్లోకి దిగు."

అంత కిందికి దిగవచ్చని నరసింహులుకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. దిగుతానని మాట ఇచ్చాడు. నెలల తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది, సంతోషంగా కూడా అనిపించింది.

బాలసుబ్బయ్య ఫోన్ పక్కకు తిప్పాడు. ఉబ్బిన కళ్లతో ఒకాయన కనిపించాడు. "మీ చిన్నాయన రా. గట్టు తగాదా ఐనప్పటి సంది మన గడప తొక్కలే. ఇయ్యాల వచ్చి, మంచం మీద నిద్రపోతావున్న నా కాళ్ల మీద పడి ఏడ్సినాడు. కాళ్లు కదిలినాకనే లేసినాడు."

"నా మీద కోపం లేదా నాయనా?"

"సచ్చినోనికి కోపమేంది రా. నువ్వు రా, అప్పుడు బతికి తిడతా."