పెద్దాయన మెడలో ఏడో ఎముక

ఆ సోమవారం పొద్దున మ్యూజియంలో ఎముకల మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు నిపుణుడు వచ్చేలోగా పెద్దాయన మెడలో ఏడో ఎముక దించి, దుమ్ము దులిపి, మళ్లీ తగిలించాలి. పెద్దాయన అంటే హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిలబడ్డ రాక్షసబల్లి. కోట్ల ఏళ్ల కిందట ఆకులూ కొమ్మలూ తప్ప ఇంకేమీ ముట్టకుండా బతికిన ప్రాణి. దాని ఎముకలు రాతిలోంచి ఒక్కొక్కటే గీకి తీసి నిలబెట్టడానికి మేస్త్రికి ఇరవై ఆరేళ్లు పట్టింది. పెద్దాయన నడుము నిలబడేసరికి మేస్త్రి నడుము వంగిపోయింది.

ఇప్పుడు ఎవరో పుణ్యాత్ముడు ఆ ఎముకలన్నీ నకిలీవని పైవాళ్లకు ఉత్తరం రాశాడు. వాళ్లు పరీక్షకు పంపుతున్న నిపుణుడు అసలువే అంటే హాలు ఉంటుంది. కాదంటే పెద్దాయన పెట్టెల్లో సర్దుకుని నేలమాళిగలోకి, మేస్త్రి ఇంటికి. భార్య పోయిన ఈ మూడేళ్లలో ఆ ఇంట్లో అతనితో మాట్లాడేది గోడ గడియారం ఒక్కటే.

నిచ్చెనెక్కి ఎముక పట్టుకోగానే చెయ్యి అతుక్కుపోయింది.

"ఏంట్రా ఇది?"

కింద నిచ్చెన పట్టుకున్నవాడు అతని బావమరిది, మ్యూజియం వడ్రంగి. మొహం చాటంత చేసుకున్నాడు. "వార్నిష్ బావా! మెడ దగ్గర ఇంకా ఆరినట్టు లేదు. నిన్న సెలవు కదా, తల నుంచి తోక దాకా రెండు పూతలు కొట్టేశా. ఎలా మెరుస్తోందో చూడు!"

"నిన్నెవడు కొట్టమన్నాడ్రా?"

"అక్క పోయాక నీకు మిగిలింది ఇదొక్కటేగా బావా. నాకు తోచిన సాయం."

మేస్త్రి చెయ్యి విదిలించుకున్నాడు. దాంతో కొక్కెం ఊడి, ఎముక కింద రాతి గచ్చు మీద పడి పదిహేను ముక్కలైంది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ముక్కలన్నీ సంచిలోకి ఏరారు.

బడిపిల్లలు ముట్టుకు చూడ్డానికి ఎప్పుడో చేసిన ప్లాస్టర్ నకలు బీరువాలో ఉంది. తెల్లగా పాలిపోయి ఉంటే, బావమరిది ఫ్లాస్కులో ఉన్న పాలు లేని టీ దాని మీద ఒంపి, ఫ్యాను కింద ఆరబెట్టి తగిలించారు.

"దీనికీ వార్నిష్ కొట్టనా బావా?"

"బ్రష్షు ముట్టుకున్నావంటే నిన్ను తోకకి వేలాడదీస్తా."

సరిగ్గా పదకొండుకి డైరెక్టరమ్మ నిపుణుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆయన పెట్టె తెరవలేదు, యంత్రం తీయలేదు. "నాది పాత పద్ధతి. అసలు ఎముకకి సన్న చిల్లులుంటాయి. తడి నాలుక ఆనిస్తే పట్టుకుంటుంది. నకిలీది జారిపోతుంది," అంటూ వంగి పెద్దాయన కాలు నాకాడు.

ప్లాస్టర్ కూడా నాలుకని పట్టుకుంటుందని మేస్త్రికి తెలుసు. వార్నిష్ పట్టుకోదనీ తెలుసు.

కాలు జారింది. పక్కటెముక జారింది. తోక జారింది. "అంతా రంగేసిన సిమెంటు," అని నిపుణుడు ఉసూరుమంటూ నిచ్చెనెక్కి ఏడో ఎముకకు నాలుక ఆనించాడు. అది ఎంత గట్టిగా అంటుకుందంటే, లాక్కోవడానికి ఆయన మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది.

"ఇది అసలుది! కాస్త తియ్యగా కూడా ఉంది. బాగా పాతవాటికే ఆ తీపి వస్తుంది."

మేస్త్రి ఇక ఆగలేకపోయాడు. ముక్కల సంచి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. "తప్పు నాదే సార్. అది ప్లాస్టర్. అసలుది నా చేతుల్లోనే పగిలింది. ఇవి నాకి చూడండి."

నిపుణుడు ఒక ముక్క తీసి మెరిసే వైపు నాకాడు. "సిమెంటే."

"అటు వార్నిష్ ఉంది, పగిలిన వైపు నాకండి సార్, మీకు దణ్ణం పెడతా!"

"నేనెటు నాకాలో నువ్వు చెప్తావా?"

డైరెక్టరమ్మ మేస్త్రి భుజం పట్టుకుంది. "మేస్త్రి గారూ, ఆ ఒక్కటైనా మనకి దక్కనివ్వండి," అంది మెల్లిగా. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

వారం తిరిగేసరికి పెద్దాయన నలభై ఒక్క పెట్టెల్లో నేలమాళిగకు దిగిపోయాడు. ప్రతి పెట్టె మీదా 'నకిలీ' అని రాయించారు, అదీ మేస్త్రి చేతే. రాస్తూ అతను ఏడ్చాడు. ఖాళీ హాలు మధ్య ప్లాస్టర్ ఎముకకి గాజుపెట్టె, పైన దీపం వచ్చాయి. అంత విలువైనదానికి కాపలా కావాలి గనక మేస్త్రిని ఇంటికి పంపలేదు. దాని పక్కనే స్టూలు వేశారు.

ఎదురుగా 'ముట్టుకోరాదు' అని బోర్డు పెడితే, మేస్త్రి దాని కింద సుద్దతో ఒక్క మాట చేర్చాడు: 'నాకరాదు.'