పచ్చిక మీద మహాసభ

దుర్మతి నామ సంవత్సరం, నడివేసవి. ఒక పెద్ద అడవిలో వాగు ఎండి ఇసుక తేలింది. కొండవాలు గడ్డి కాలు పెడితే పొడైపోతోంది. వాగు మలుపులో మాత్రం కాస్తంత పచ్చిక మిగిలింది. పాలిచ్చే తల్లులు తప్ప ఇంకెవరూ అందులో మూతి పెట్టకూడదని దుప్పులు తాతలనాడే కట్టుబాటు చేసుకున్నాయి.

చుక్కి అనే దుప్పిపిల్లకి తల్లి పక్కన పడుకోవడం నామోషీ అనిపించే వయసు వచ్చింది. వాళ్లమ్మ ఆమధ్యే మళ్లీ ఈనింది. పుట్టిన తమ్ముడికి ఇంకా గడ్డి కొరకడం రాదు.

అటువంటి రోజుల్లో పచ్చిక పరిరక్షణ పార్టీ మహాసభ వచ్చిపడింది. ఏర్పాట్లన్నీ నక్కవి.

"నక్క బాబాయ్, నువ్వు గడ్డి తినవు కదా?" అంది చుక్కి.

"అందుకేనమ్మా నన్ను పెట్టారు. తినేవాణ్ని కాపలా పెడితే మిగులుస్తాడా?"

ఈ మాట చుక్కికి మహా గొప్పగా తోచింది. నక్క దాని చెవి వెనక మోదుగ పువ్వు దోపి, "ఇవాళ్టి నించి నువ్వు కార్యకర్తవి" అంది. చుక్కి మెడ జానెడు పొడుగు సాగింది.

"ఒక్కటే చిక్కు" అంది నక్క, వాగు మలుపు వైపు చూడకుండా. "అధ్యక్షులు ఏనుగుగారు కాలే రాళ్ల మీద నిలబడలేరు. చల్లని చోటు దొరకడం లేదు."

"మా తల్లుల పచ్చిక ఉంది కదా!"

"అయ్యో, అది మీ కట్టుబాటు! సరే, నువ్వంతగా అంటున్నావు కాబట్టి, దాన్ని ఎవరూ తొక్కరాదని మొదటి తీర్మానం చేయిస్తాను. ఇక ఎప్పటికీ మీదే."

తల్లి ఒప్పుకోలేదు. "తొక్కొద్దని చెప్పడానికి తొక్కడమెందుకే?"

"నీకు రాజకీయాలు తెలీవమ్మా. ఒక్కపూటే!"

"నా పొదుగులో పాలు ఆ గడ్డివేనే."

"ఇన్నాళ్లూ మన తరఫున మాట్లాడినవాడు ఒక్కడున్నాడా, చెప్పు?"

"ఒక్కపూటేనే మరి" అంది తల్లి, చిన్నవాణ్ని పొదుగు దగ్గరికి నెట్టుకుంటూ. చుక్కి మిగతా తల్లులందరి దగ్గరికీ తిరిగి ఒప్పించింది.

సభరోజు అడవంతా వచ్చింది. పొద్దున రావలసిన ఏనుగుగారు మధ్యాహ్నమైనా రాలేదు. "బయల్దేరారు! దారిలో ఉన్నారు!" అని కోతి కొమ్మ మీంచి అరుస్తూనే ఉంది.

"ఏమే పిల్లా, భోజనాలుంటాయంటేనే వచ్చాం" అంది ఓ అడవిపంది. "ఏవీ?"

చుక్కి పరుగెత్తి నక్కని అడిగింది.

"కింద చూసుకోమను" అంది నక్క.

అందరూ కింద చూసుకున్నారు. పందులైతే వేళ్లతో సహా పెకిలించాయి.

"బాబాయ్, తినేస్తున్నారు!"

"తిననీ. లేచిపోతే తీర్మానానికి చేతులెత్తేదెవరు?"

నిజమే అనిపించింది చుక్కికి. "కూర్చోండి, ఎవరూ లేవకండి!" అంటూ చుట్టూ తిరిగింది. ఇంతలో గజమాల లేదని గోల పుట్టింది. మిగిలిన గుబురు కొరికి తెమ్మని నక్క చుక్కినే పంపింది. పచ్చి రసం నాలుకకి తగిలినా మింగలేదు. కార్యకర్త కదా.

ఏనుగుగారు వచ్చారు. కోతులు మాల వేశాయి. "పచ్చికే మన ప్రాణం!" అని గర్జించి, మాట మధ్యలో మాల తీసి నోట్లో పెట్టుకున్నారు. చప్పట్లు మోగాయి. వాగు మలుపు పచ్చికని ఎవరూ తొక్కరాదని తీర్మానం ఏకగ్రీవంగా అయింది.

"చూశావా అమ్మా, ఇక మనదే!" అని చుక్కి ఎగిరి వచ్చింది. తల్లి తవ్విన మట్టిలో మూతి పెట్టి వెతుకుతోంది.

కొన్నాళ్లకి ఒక అంచున నాలుగు గరిక పోచలు లేచాయి. తల్లులు అటు వెళ్తే నక్క కాపలా పెట్టిన రేచుకుక్క తరిమింది. "తీర్మానం ఉంది. ఎవరూ అంటే ఎవరూ."

చుక్కి నక్క దగ్గరికి ఏడుస్తూ పోయింది. "బాబాయ్, తల్లులకైనా మినహాయింపు ఇప్పించు!"

"తప్పకుండా అమ్మా. వచ్చే మహాసభలో పెడదాం. ఎక్కడైనా చల్లని చోటుంటే చూసిపెట్టు."

సభ దిగ్విజయమైందని కోతులు ఊరూరా చాటాయి. ఈ కథలో నీతి కూడా అదే.

పాలు లేక చుక్కి తమ్ముడు చచ్చిపోయాడు.