కొట్టేసిన పేరు

గురువారం పొద్దున సాయిలక్ష్మి వేసుకున్న పథకం చిన్నదే. సర్కారు ఆసుపత్రిలో తన డ్యూటీ ఎవరికైనా అప్పగించి, పది గంటలకు జెట్టీకి వెళ్లి, ఓడ దిగే అమ్మను ప్రోతరాపూర్‌లో తన ఇంటికి తెచ్చుకోవాలి. సునామీ వచ్చి పదకొండు రోజులైంది. దక్షిణ కొసన ఉన్న దీవిలోని కాంప్‌బెల్ బే నుంచి వైర్‌లెస్‌లో వచ్చిన కబురు రెండే మాటలు: అప్పలకొండమ్మ బయలుదేరింది. అమ్మ ఇన్నాళ్లూ ఉన్నది అక్కడే, సాయిలక్ష్మి తమ్ముడు గవరయ్య ఇంట్లో. వాడి ఊసు అందులో లేదు. అది అమ్మ నోట వినాలని ఆత్రం, వినాల్సి వస్తుందేమోనని భయం.

"స్వాతీ, ఈ వారం నా పొద్దుటి డ్యూటీలు చూడవే. నీ రాత్రులు నేను చేస్తాను," అని తోటి నర్సును అడిగింది.

"చేస్తా గానీ దీదీ, ఆదివారం శిబిరంలో నా టెంటు డ్యూటీ ఎవులు చూస్తారు?"

"అదీ నేనే."

సీనియర్ నర్సు మహాలక్ష్మమ్మ పద్ధతి గల మనిషి. మార్పులు నోటిమాటగా జరిగితే ఒప్పుకోదు. రిజిస్టరు తెరిచి, వారం పొడుగునా సాయిలక్ష్మి పేరు కొట్టేసింది. కొత్త చోట్ల రాయబోతుండగా నేల ఊగింది. రోగులు సెలైన్ సీసాలు పట్టుకుని బయటికి పరుగెత్తారు. మహాలక్ష్మమ్మ కలం పట్టుకుని వాళ్లకంటే ముందే పరుగెత్తింది.

దక్షిణ దీవులకు వెళ్లే వైద్య బృందంలో ఒక నర్సు తక్కువై వెతుకుతున్న మేట్రన్, బల్లమీద తెరిచి ఉన్న రిజిస్టరు చూసింది. ఆసుపత్రి మొత్తంలో ఏ పనీ లేని సిస్టరు ఒక్కతే కనబడింది.

"సాయిలక్ష్మి దీదీ మీరేనా? జెట్టీకి. జల్దీ ఎక్కండి," అన్నాడు జీపు డ్రైవరు జితేంద్ర.

తన కష్టం మేట్రన్‌కు తెలిసి జీపు పంపిందనుకుని సాయిలక్ష్మికి కళ్లనీళ్లు తిరిగాయి. ఒళ్లో మందుల పెట్టె పెడితే జాగ్రత్తగా పట్టుకుంది. జెట్టీలో ఎవరో చేయిపట్టి ఓడ ఎక్కిస్తే, అమ్మను వెతకడానికేననుకుని డెక్కులన్నీ తిరిగింది.

"మా అమ్మ ఏ వైపు దిగింది భయ్యా?"

"దిగడమేమిటి దీదీ? ఇది కాంప్‌బెల్ బే వెళ్లే ఓడ. ఇది కదిల్తేనే వచ్చే ఓడకు చోటు," అన్నాడు తాడు చుడుతున్న ఖలాసీ.

ఓడ కదిలాక, వచ్చే ఓడ పక్కనుంచే వచ్చింది. ఎవరిదో మగవాళ్ల స్వెట్టరు తొడుక్కుని, రేలింగు పట్టుకుని అప్పలకొండమ్మ నిలబడి ఉంది.

"అమ్మా! గవరయ్య ఏడే?"

"నువ్వెక్కడికెల్లిపోతన్నావే లచ్చిమీ? అక్కడ మనోళ్లెవులూ నేరే!"

ఇక గవరయ్య లేని ఆ దీవిలో సాయిలక్ష్మికి డ్యూటీ తప్ప పనేమీ మిగల్లేదు.