చెయ్యి దించని చక్కెర ఊట

దుఃఖితుల కన్నీటిని తన కొంగుతో ఒత్తే దేవమాతకు శిరసు వంచి నమస్కరించి, దుఃఖానికీ దప్పికకూ నడుమ చిక్కుకున్న మా ఊరి ఎవ్సేయ్ కథ చెబుతాను.

మంచు ఇంకా పడక, వాన ఎంతకూ విడవక, పల్లె యావత్తూ బురదలో దిగబడి ఉన్న రోజుల్లో అతని ప్రాణస్నేహితుడు నికనోర్ కన్నుమూశాడు. నలభయ్యోనాటి విందుకు సారా కాచే బాధ్యతను ఎవ్సేయ్ అడగకుండానే నెత్తికెత్తుకున్నాడు. అంతవరకూ పోయినవారి ఆత్మ తనవారి ఇళ్ల చుట్టూ తిరుగుతుందట. ఆనాడు దానికి నిండు గ్లాసు పోసి, పైన నల్లరొట్టె ముక్కతో మూయాలి.

అతని భార్య గ్లఫీరా నడుముమీద చేతులు పెట్టుకుంది.

"మా నాన్న నలభయ్యోనాడు ఆ గ్లాసులో ఏం పోశాం?"

"నీళ్లు."

"ఎందుకనో?"

"సారా బాగా దిగిందో లేదో రుచి చూశానే!"

"సీసా అడుగు కనబడేదాకా చూశావు. ఈసారి నికనోర్ గ్లాసు నిండకపోయిందో, మా అక్కగారింటికి పోతాను. నువ్వూ నీ బట్టీ కాపురం చేసుకోండి."

ఎవ్సేయ్ చక్కెర, ఈస్టు, గోరువెచ్చని నీళ్లు గాజుజాడీలో కలిపి, మూతికి రబ్బరు చేతితొడుగు బిగించి, ఒక వేలికి సూదితో బెజ్జం పెట్టాడు. ఊట పులుస్తున్నంతకాలం తొడుగు ఉబ్బి, చెయ్యెత్తి నిలబడుతుంది. పులియడం ముగిస్తే వాలిపోతుంది. అప్పుడు నాలుకమీద చుక్క వేసుకుంటే తీపి పూర్తిగా పోయి చేదు తగలాలి.

"ఆ చెయ్యి వాలకుండా పొయ్యి వెలిగించావో!" అంది గ్లఫీరా.

ఊట తొందరగా దిగితే, విందుకు ముందే స్నేహితుని పేర నాలుగు గుక్కలు ఏకాంతంగా దుఃఖించవచ్చునని అతని రహస్య పథకం.

ఒక సాయంత్రం తొడుగు వాలింది. చుక్క చేదుగానే ఉంది. తృప్తిగా పడుకున్నాడు. తెల్లవారేసరికి తొడుగు మళ్లీ చెయ్యెత్తి నిలబడి ఉంది. చుక్క తియ్యగా ఉంది.

"గ్లాషా! నిన్నటి చేదు ఇవాళ తీపెక్కిందే!" అని భార్యను ముద్దుపేరుతో కేకేశాడు.

"నీ నాలుకను నమ్మేదెట్లా? చాయ్ కూడా చేదంటున్నావుగా?"

"వాడు పోయినప్పటినుంచీ చాయ్ చేదేనే. అంతా దుఃఖం."

"దుఃఖమే, పాపం" అంది ఆమె చాయ్ నీళ్లు కాగే సమోవార్ తుడుస్తూ.

వాలడం, లేవడం అట్లాగే సాగింది. ఇది నికనోర్ ఆత్మ పనేనని ఎవ్సేయ్‌కి నిశ్చయమైంది. టోపీ తీసి జాడీముందు నిలబడ్డాడు.

"ఒరే, బతికున్నన్నాళ్లూ నా గ్లాసుకి అడ్డం పడ్డావు. ఇప్పుడూ అంతేనా? టాటా చెప్పింది చాలు, చెయ్యి దించరా!"

తొడుగు గంభీరంగా ఊగింది.

ఇక సహించలేక, వేడికి త్వరగా ముగుస్తుందని జాడీని పొయ్యి అంచుకు చేర్చాడు. తొడుగు పాడియావు పొదుగంత ఉబ్బి, జాడీని వదిలి ఎగిరి, అతని చెంపమీద చెళ్లుమంది. నురగ గడ్డం నిండా పొంగిపొర్లింది.

"నికనోర్ కొట్టాడే!"

"న్యాయంగానే కొట్టాడు. లే, నేల తుడువు."

ఆమె కొత్త తొడుగు కట్టింది. విందు దగ్గరపడగా అది వాలి, ఇక లేవలేదు. చుక్క చేదు. అతను సారా కాస్తుంటే ఆమె పక్కనే నిలబడి, నిండిన సీసాను నిండినట్టే పెట్టెలో పెట్టి తాళం వేసింది.

విందునాడు నల్లరొట్టె కింద గ్లాసు అంచుదాకా నిండింది. ఎవ్సేయ్ ముందుకు మాత్రం చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి నిర్ఘాంతపోయాడు.

"తియ్యగా ఉందే!"

"నీ చాయ్ చక్కెర ఇన్నాళ్లూ జాడీలోకి పోయింది. విందుకు ముందే నువ్వు సారా దించకుండా, తొడుగు వాలినప్పుడల్లా ఓ గుప్పెడు వేశాను" అంది గ్లఫీరా మెల్లగా.

అతను నికనోర్ గ్లాసువంక చూశాడు.

"అయితే నాకు చెయ్యూపింది వాడు కాదన్నమాట."

కిటికీ బయట వాన పడుతూనే ఉంది. గ్లఫీరా అతని కప్పులో మరో చెంచా చక్కెర వేసింది.

"ఉబ్బించింది నేను. ఊపింది వాడేనేమో, నాకేం తెలుసు? తాగు, చల్లారిపోతుంది."

ఎవ్సేయ్ తల వంచుకుని తాగాడు.

ఈ కథ విన్నవారి ఇంట చాయ్‌లో తీపి తరగకుండుగాక. వెళ్లిపోయినవారికై ఉంచిన గ్లాసు నిండుగా నిలుచుగాక.