ఓటిస్ సంతాపసభ

శనివారం పొద్దున్న హార్లన్ పెట్టుకున్నది చాలా చిన్న పని. కౌంటీ పార్కుకు వెళ్ళి, గడ్డి మైదానం చుట్టి, అడవిలోంచి వాగు దాకా నడిచి, ఎండెక్కక ముందే ఇంటికొచ్చి గుడ్లు వేయించుకోవడం. కుక్క ఓటిస్ ఈసారి రాడు. ముందుకాలికి గాజుపెంకు గుచ్చుకుని కుట్లు పడ్డాయి. అవి మానేదాకా నడిపించొద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. కుట్లు నాకకుండా మెడ చుట్టూ తొడిగిన ప్లాస్టిక్ గరాటాతో సోఫా మీద పడుకుని, తనను వదిలేసి పోతున్న మనిషిని వాడు చూసిన చూపు ఏమంత బాగాలేదు.

ఓటిస్ లేకుండా పార్కుకు వెళ్ళడం హార్లన్‌కు అదే మొదలు. అలవాటు కొద్దీ తలుపు పక్క మేకుకున్న కుక్క తాడు తీసి చేతికి చుట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

ఆ పార్కులో కుక్కల పేర్లు అందరికీ తెలుసు, మనుషుల పేర్లు ఎవరికీ తెలియవు. ఏళ్ళ తరబడి కలిసి నడిచినా కుక్క పేరుతోనే బిస్కట్ వాళ్ళమ్మ, మేజర్ వాళ్ళ నాన్న, అంతే. ఇంటి సంగతులు అడగడం మర్యాద కాదు. ఇంకో ఆచారం కూడా ఉంది. కుక్క పోయినవాళ్ళు ఖాళీ తాడు పట్టుకుని ఆ దారంతా ఒకసారి ఒంటరిగా నడిచి వస్తారు. ఎదురైనవాళ్ళు టోపీ తీసి పక్కకు తప్పుకుంటారు. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అని అడగరు. చెప్పబోయినా విననే వినరు.

నిరుడు మార్చిలో హార్లన్ భార్య లొరెయిన్ చనిపోయింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎన్నడూ పార్కుకు రాలేదు. అసలు అలాంటి మనిషి ఉన్నదనే అక్కడెవరికీ తెలియదు. ఖననమైన మర్నాడు అతను ఓటిస్‌తో వెళితే, అందరూ ఓటిస్ గడ్డం నిమిరి, వీడేంటి ఇలా చిక్కిపోయాడని బాధపడ్డారు. హార్లన్ నోరు విప్పలేదు. ఎదురింటి అక్క తొంగిచూస్తే తప్ప ఇంట్లో పలకరించే దిక్కు లేదు. రోజుకు నాలుగు మాటలు దొరికేది ఆ పార్కులోనే. ఏడుపు మొహం పెడితే అవీ పోతాయేమోనని అతని భయం.

మైదానం మలుపులో బిస్కట్ వాళ్ళమ్మ ఎదురైంది. తాడు చూసింది, తాడు చివర చూసింది, గబుక్కున టోపీ తీసేసింది.

"అయ్యో, ఎంత పని జరిగిపోయింది," అంది.

"అది కాదండీ, వాడు ఇంట్లో..."

"వద్దు. ఏం చెప్పొద్దు. మీరు నడవండి."

అలా అంటూనే ఆచారం పక్కనపెట్టి దగ్గరికొచ్చి గట్టిగా కావలించుకుంది. హార్లన్‌ను ఎవరైనా ముట్టుకుని ఏడాది దాటింది. లొరెయిన్‌ను మట్టిలో పెట్టినప్పుడు కూడా రాని ఏడుపు ఆ గడ్డి నడిమధ్య తన్నుకొచ్చింది. నిజం చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. అందుకు ఆ మనిషిని తప్పుపట్టడానికి నాకైతే మనసొప్పదు.

అడవిలో అడుగుపెట్టేసరికి వార్త అతనికంటే ముందే నడిచింది. మేజర్ వాళ్ళ నాన్నది ఎవరూ ఇవ్వని పెద్దరికాన్ని నెత్తినేసుకునే స్వభావం. తన జర్మన్ షెపర్డ్‌ను దారి పక్కన కూర్చోబెట్టి, టోపీ గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

"పట్టుదలంటే ఓటిస్‌దేనండీ. ఒక్క ఉడతనైనా పట్టింది లేదు, ఒక్కదాన్నైనా వదిలింది లేదు," అన్నాడు.

హార్లన్ తలూపాడు. అంతవరకూ అబద్ధం లేదు.

మర్నాడు నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. ఒక్కరూ కనబడలేదు, కానీ తిరిగొచ్చేసరికి పార్కు బయట ఆపిన తన ట్రక్కు బానెట్ మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. ట్యూనా చేప, నూడుల్స్, చీజ్ కలిపి ఓవెన్‌లో కాల్చినవి, చావు ఇళ్ళకు పంపేవి. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కొచ్చేలోగా ఓటిస్ గరాటాతో సహా ఒక గిన్నెలో దూరి ఖాళీ చేశాడు. తన దినం భోజనం తానే తిన్న జీవి ఆ కౌంటీలో వాడొక్కడే అయుంటాడు.

ఎదురింట్లో ఉండే అక్క పెగ్గీకి సంగతంతా చెప్పాడు.

"ఒరే, ఫోన్ చేసి చెప్పేయరాదూ," అందావిడ.

"ఎవరికని చెయ్యను? పేర్లు తెలిస్తే గదా."

"అయితే ఎదురుగా చెప్పు."

"చెబితే నా మొహం చూడరక్కా. ఇంక నాకు ఎవరున్నారు?"

"నేను లేనూ? సరే, కుట్లు మానాక వాణ్ణెక్కడ తిప్పుతావు? జీవితాంతం పరదాల వెనకాల దాస్తావా?"

సోఫా మీంచి ఓటిస్ ఒక్క మొరుగు మొరిగాడు.

వారం మధ్యలో పార్కు దారిలో మేజర్ వాళ్ళ నాన్న అడ్డం తగిలాడు. "ఆదివారం పొద్దున్న ఓటిస్‌కు సంతాపసభ, మైదానం గుట్ట మీద. అందరూ వస్తున్నారు. పార్కు ఆఫీసుతో మాట్లాడి అక్కడి బెంచీకి ఓటిస్ పేరుతో రాగిరేకు కూడా కొట్టించాను. మీరు రెండు మాటలు మాట్లాడాలి."

"అంత హడావిడి ఎందుకండీ? మామూలు కుక్క."

"బాధలో అలాగే అంటారు," అని అతను భుజం తట్టాడు.

ఆదివారం గుట్ట మీద కుక్కలూ మనుషులూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. పిచ్చిమొక్కల ఎండిన కాయలు పగిలి గడ్డి మీద దూది ఎగురుతోంది. 'ఓటిస్, మా అందరి బంగారుకొండ' అని రేకు మీద చెక్కి ఉంది. మేజర్ వాళ్ళ నాన్న ఉడతల ప్రసంగం మొదలుపెట్టి, టోపీతో కళ్ళు ఒత్తుకుని, మధ్యలో ఆపేశాడు. హార్లన్ ముందుకొచ్చాడు. నిజం చెబుదామనే నోరు తెరిచాడు గానీ వచ్చిన మాటలు వేరు.

"రాత్రిళ్ళు నా కాళ్ళు చల్లబడితే తన పాదాలు ఆనించేది. రేడియోతో పాటు పాడేది, ఒక్కనాడూ శ్రుతి కలవలేదు. యాపిల్ కేకు చేసిన ప్రతిసారీ మాడ్చేది. మాడిందని నేను అనేవాణ్ణి. అనకుండా ఉండాల్సింది."

జనం మొహాలు చూసుకున్నారు. "ఓటిస్ కేకు చేసేవాడా?" అని వెనకాల ఎవరో గొణిగారు.

అప్పుడే గుట్ట కింద కారు తలుపు తెరుచుకుంది. హార్లన్ గొంతు విని గరాటా ఊపుకుంటూ, మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ ఓటిస్ పైకొచ్చాడు. వెనకే పెగ్గీ ఆయాసపడుతూ వచ్చింది.

"నువ్వు చెప్పవని తెలిసే తెచ్చాన్రా," అంది.

కుక్కలన్నీ వరస తప్పి ఓటిస్ మీద పడ్డాయి. మనుషులు మాత్రం కదల్లేదు. మేజర్ వాళ్ళ నాన్న మొహం కందగడ్డ అయింది.

"నిక్షేపంలా ఉన్న కుక్క కోసం ఇంతమందిని ఏడిపిస్తారా? ఇదేం బుద్ధండీ మీకు?"

"తప్పే," అన్నాడు హార్లన్. "వాడు పోలేదు. నా భార్య పోయింది. లొరెయిన్. నిరుడు మార్చిలో. మీకు తను తెలియదు కదా అని చెప్పలేదు. ఆవేళ ఈవిడ కావలించుకుంటే అది లొరెయిన్ కోసమే అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది. నేనింక ఇటు రాన్లెండి."

ఓటిస్ మెడపట్టీ కోసం వంగాడు. గరాటా అడ్డమొచ్చి అది చేతికి దొరకలేదు.

"మార్చంటే," అంది బిస్కట్ వాళ్ళమ్మ మెల్లగా, "ఓటిస్ చిక్కాడని మేమంతా గోల చేసినప్పుడా?"

"ఆ."

"మీరు పక్కనే నిలబడి ఉన్నారు."

"ఆ."

ఆవిడ బెంచీ మీద కూలబడింది. "మీ పేరేంటండీ?" అని అడిగింది. ఆ పార్కులో ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగి ఎరగరు.

అతను చెప్పాడు. మేజర్ వాళ్ళ నాన్న రాగిరేకును అరచేత్తో ఒకసారి తుడిచాడు.

"తాడు తెచ్చారా?"

"బండిలో ఉంది."

"తీసుకురండి. నడుద్దాం."

ఒంటరిగా నడవాల్సిన ఆ దారిలో ఆ రోజు అందరూ అతని వెంట నడిచారు. ముందు ఖాళీ తాడుతో హార్లన్, పక్కన పెగ్గీ, వెనక టోపీలు తీసిన జనం. ఓటిస్‌ను నడిపించకూడదు, వదిలిపెడితే ఊరుకోడు. అందుకని మేజర్ వాళ్ళ నాన్న వాణ్ణి చేతుల మీద ఎత్తుకున్నాడు. గరాటా అంచు గడ్డానికి గుచ్చుకుంటున్నా కిందకు దించలేదు. హార్లన్ దాచుకోకుండా ఏడుస్తూ నడిచాడు.

అడవి మలుపులో ఎదురుగా పరిగెత్తుకొస్తున్న కుర్రాడెవరో ఆ ఊరేగింపును చూసి ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం, కుక్క పోయిందాండీ?"

"కుక్క బాగానే ఉంది బాబూ," అంది బిస్కట్ వాళ్ళమ్మ. "వాళ్ళమ్మ పోయింది."

"హమ్మయ్య," అని అతను ఊపిరి పీల్చుకుని మళ్ళీ పరుగు అందుకున్నాడు.