దాల్చినచెక్క నీళ్లకు అనుమతి దొరికిన విధం

కాలేయమంత నిజాయితీగా పనిచేసే ఆఫీసు భూప్రపంచంలో ఇంకొకటి లేదు. దానికి సెలవు లేదు, భోజన విరామం లేదు, "రేపు రండి" అనే మాట రాదు. అలాంటి ఆఫీసు మీద కూడా తనిఖీ వేశారంటే పరిపాలన ఎంత ముందుకు పోయిందో మీరే చూసుకోండి.

తనిఖీ నా కాలేయం మీదే జరిగింది. నేనూ, మా వదినా (మావారి అక్కగారు, ఆయన పోయాక నాకు మిగిలిన చుట్టం ఆవిడే) రోజూ పొద్దున్నే చెరొక గ్లాసెడు దాల్చినచెక్క నీళ్లు కాచుకుని తాగుతాం. ఆ గ్లాసులు ఖాళీ అయ్యేలోగా వీధిలోవాళ్ల సంగతులన్నీ తేలిపోవాల్సిందే. ఇంతలో ఏదో రక్తపరీక్షలో నా కాలేయం కాస్త అలిసినట్టు కనిపించిందని డాక్టరుగారి కన్ను ఆ గ్లాసు మీద పడింది. చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఉంటుందట. ఎక్కువైతే కొందరికి పడదట. నా ఒళ్లు దాన్ని చకచకా బయటికి పంపుతోందని తేలితే తాగొచ్చు, లేదంటే గ్లాసు బోర్లించాల్సిందే అన్నారు.

లోపల వ్యవహారం ఇలా నడుస్తుందట. కూమరిన్ అనే అర్జీదారు కాలేయం గుమ్మం ఎక్కగానే ఎంజైము అనే గుమాస్తా దానికి ఒక ముద్ర కొడతాడు. (కొందరి ఒంట్లో ఈ గుమాస్తా పుట్టుకతోనే నిదానస్తుడు. బదిలీ చేయించే వీలు లేదు.) పక్క బల్ల దగ్గర దానికి చక్కెరలాంటి తోక ఒకటి తగిలిస్తారు. ఆ తోకతో నీళ్లలో కరిగి, మూత్రపిండాల గేటు దాటి వెళ్లిపోతుంది. ల్యాబువాళ్లు దాన్ని పట్టుకుని ఆ తోక కత్తిరిస్తారు. (ఒక ఆఫీసు చేసిన పనిని ఇంకో ఆఫీసు రద్దు చేయడం మామూలే.) తర్వాత ప్రత్యేకమైన దీపం వేస్తే ముద్ర పడిన సరుకు నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపును కొలిచి గుమాస్తా పనితనం తేలుస్తారు.

ల్యాబులో అమ్మాయి నాకు కొలిచి పెట్టిన కూమరిన్ మాత్ర ఒకటీ, పాలక్యానంత సీసా ఒకటీ ఇచ్చింది.

"బామ్మగారూ, రెండు రోజులు చెక్క ముట్టుకోకండి. తర్వాత పొద్దున్నే ఈ మాత్ర వేసుకుని, సాయంత్రం దాకా వచ్చిందంతా ఇందులోనే పట్టండి. చుక్క కూడా బయట పోకూడదు."

మాత్ర వేసుకున్న రోజు మధ్యాహ్నానికి సీసా అడుగు మాత్రం తడిసింది. వదిన దాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది.

"ఏమే మరదలా, ఇంత సీసా ఇస్తే ఇంతేనా పట్టుకెళ్లేది? నవ్వరూ?"

"నింపమని వాళ్లు అనలేదు వదినా."

"నింపక్కర్లేకపోతే ఇంతది ఎందుకిస్తారే? ఈ పరీక్ష నువ్వు తప్పావంటే పొద్దున్నే నేనెవరి మొహం చూస్తూ తాగాలి?"

నేను కునుకు తీసి లేచేసరికి సీసా మెడదాకా నిండి ఉంది.

"ఏం చేశావు వదినా!"

"ఆడపడుచునయ్యాక ఆమాత్రం సాయం చెయ్యొద్దూ?" అంది, పెళ్లిలో వడ్డన చేసి వచ్చినంత తృప్తిగా. పైగా ఆ రెండు రోజులూ, ఆ పొద్దున కూడా నా వాటా వృథా పోకుండా రెండు గ్లాసులూ తనే తాగిందట.

నిజం చెబితే మళ్లీ మొదటినుంచి అంటారని నోరు మూసుకుని సీసా అప్పగించాను.

వారం తిరక్కుండా ఆ ల్యాబు తాలూకు వాసనద్రవ్యాల నిష్క్రమణాధికారి నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరం వెళ్లాం.

"అమ్మా, మీకు మేమిచ్చినదానికంటే మీ నుంచి వచ్చింది ఎక్కువ," అన్నాడాయన.

"మంచిదేగా నాయనా?"

"మంచిదే. కానీ దానర్థం మీ కాలేయం కూమరిన్ తయారుచేస్తోందని. తయారీకి లైసెన్సు ఉందా?"

"లేదు నాయనా."

"లోపల మంటలేమైనా వస్తుంటాయా?"

"కారం ఎక్కువైనప్పుడు వస్తాయి."

"అయితే అగ్నిమాపకశాఖ అనుమతి కూడా కావాలి. పొగగొట్టం ఎటువైపు ఉంది?"

ఇక వదిన ఆగలేకపోయింది. "ఆపవయ్యా బాబూ! అందులో సగానికి పైగా నాది!"

అధికారి కంగారు పడలేదు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"సీసా ఒకటే కదమ్మా. మా విభాగం దృష్టిలో ఒక సీసా అంటే ఒక మనిషి. అంటే మీ ఇద్దరికీ కలిపి ఒకటే కాలేయం."

"అయ్యో, మా ఇద్దరికీ విడివిడిగా మళ్లీ చెయ్యండి నాయనా," అన్నాను.

"ఒకే కాలేయానికి రెండుసార్లు చెయ్యం."

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఇంతకీ దీన్ని తాగనిస్తారా లేదా? అది చెప్పండి ముందు."

"నిరభ్యంతరంగా. మనిషికి రోజుకొక గ్లాసు."

ఆ ఒక్క మనిషీ మేమిద్దరమే కాబట్టి, ఇప్పుడు పొద్దున్నే చెరి సగం తాగుతున్నాం. కబుర్లు మాత్రం సగానికి తగ్గలేదు. అధికారి మనసున్నవాడు, గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పాడు: ఇద్దరిలో ఎవరైనా కాలం చేసిన పక్షంలో, మిగిలినవారు స్వయంగా వచ్చి తెలియజేస్తే, పూర్తి గ్లాసు ఆ రోజే మంజూరు చేస్తారట.